జిల్లా స్థాయిలో మహమ్మారి వేగాన్ని కేసుల లెక్కలతో కనిపెట్టడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ రోజుల్లో బులెటిన్ రాగానే మనమంతా ముందు వెతికింది మన జిల్లా పేరు. పక్కనున్న అంకె నిన్నటికంటే ఎక్కువైతే టెన్షన్ పడ్డాం, తక్కువైతే ఊపిరి పీల్చుకున్నాం. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య తేడా చూస్తే తెలిసేది చాలా తక్కువ. అదే బులెటిన్లను వారాల వారీగా పేర్చి చూస్తే జబ్బు ఎటు పోతోందో చాలావరకు తెలుస్తుంది. దానికి హైస్కూలు లెక్కలు వస్తే చాలు. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడ మోసపోతామో ఇక్కడ రాస్తున్నాను. "అనుకుందాం" అని చెప్పిన అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మిగిలినవి జరిగినవి.

రోజుకు ఎన్ని కేసులో తెలుస్తున్నప్పుడు పెరుగుదల రేటు ఎందుకు?

వంశధారకు వరద వస్తే గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు ఎంతున్నాయని మాత్రమే అడిగి ఊరుకోం. పెరుగుతోందా, తీస్తోందా, గంటకు ఎంత పెరుగుతోంది అని అడుగుతాం. ఊరు ఖాళీ చేయాలా వద్దా అన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది. మహమ్మారి విషయంలోనూ అంతే.

రెండు జిల్లాల్లో ఇవాళ 200 చొప్పున కేసులు వచ్చాయనుకుందాం. మొదటి జిల్లాలో మూడు వారాలుగా రోజుకు 200 దగ్గరే ఉంది. రెండో జిల్లాలో రెండు వారాల కింద 50, పోయిన వారం 100, ఇప్పుడు 200. ఇవాళ్టి పేపర్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇదే తీరు కొనసాగితే ఇంకో మూడు వారాలకు మొదటి జిల్లాలో 200, రెండో జిల్లాలో 1,600. ఆసుపత్రిలో మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు ముందే సిద్ధం చేసుకోవాల్సింది ఎక్కడో ఆ రోజు అంకె చెప్పదు, పెరుగుదల రేటు చెబుతుంది. అంటువ్యాధి కూడికలా కాకుండా గుణకారంలా పెరగడమే దీనికి కారణం.

ఆ రేటును ఎలా లెక్కకట్టాలి?

ఈ ఏడు రోజుల కేసుల మొత్తాన్ని అంతకుముందు ఏడు రోజుల మొత్తంతో భాగించండి. అంతే. గత వారం 280, ఈ వారం 420 అనుకుందాం. 420ని 280తో భాగిస్తే 1.5. దీన్ని వారపు నిష్పత్తి అందాం. 1 కంటే ఎక్కువైతే జబ్బు పెరుగుతోంది, తక్కువైతే తగ్గుతోంది. 1.5 అంటే రోజుకు సుమారు 6 శాతం చొప్పున పెరుగుతున్నట్టు.

వారం ఎందుకు? నిన్నటితో పోలిస్తే ఇంకా త్వరగా తెలుస్తుంది కదా?

త్వరగా తెలిసేది చాలాసార్లు తప్పే. ఆదివారం శాంపిల్స్ తక్కువ తీస్తారు, కాబట్టి సోమవారం అంకె తగ్గుతుంది. మంగళ, బుధవారాల్లో మళ్లీ లేస్తుంది. సోమవారం "కేసులు తగ్గుముఖం" అని, బుధవారం "మళ్లీ విజృంభణ" అని హెడ్డింగులు వచ్చేవి ఇందుకే. ఏడు రోజులు కలిపితే ప్రతి మొత్తంలోనూ ఒక ఆదివారం ఉంటుంది, ఆ ఎత్తుపల్లం పోతుంది. ఐదు రోజుల సగటు, పది రోజుల సగటు ఈ పని చేయవు. ఏడు గానీ, పద్నాలుగు గానీ తీసుకోవాలి.

రెట్టింపు కాలం అంటే?

ఇప్పటి వేగంతోనే వెళ్తే కేసులు రెండింతలు కావడానికి పట్టే రోజులు. నోటి లెక్కకు ఒక సులువు ఉంది: రోజుకు ఎంత శాతం పెరుగుతోందో దానితో 70ని భాగించండి. రోజుకు 7 శాతమైతే 10 రోజులు. వారపు నిష్పత్తి నుంచి చూస్తే 1.1 ఉన్నప్పుడు సుమారు 51 రోజులు, 1.25కి 22 రోజులు, 1.5కి 12 రోజులు, 2కి 7 రోజులు, 3కి నాలుగున్నర రోజుల లోపే.

1.1కీ 1.25కీ మధ్య ఎంత తేడా ఉందో గమనించండి. "కాస్త పెరుగుతోంది లే" అనుకునే చోటే ఈ తేడా ఉంటుంది. తగ్గేటప్పుడూ ఇదే లెక్క. నిష్పత్తి 0.8 అయితే కేసులు సగానికి రావడానికి 22 రోజులు పడుతుంది. తగ్గడం మొదలైందని మాస్కు తీసేసేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడాలి.

ఇవాళ్టి బులెటిన్ ఎప్పటి సంగతి చెబుతుంది?

సుమారు వారం, పది రోజుల కిందటి సంగతి. మొదటి రకం కరోనాలో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదు రోజులు పట్టేది, ఒమిక్రాన్‌లో మూడు రోజులు. ఆ తర్వాత "మామూలు జలుబే" అనుకుంటూ రెండు మూడు రోజులు గడుస్తాయి. శాంపిల్ ఇవ్వడం, రిజల్ట్ రావడం, బులెటిన్‌కి ఎక్కడం అన్నిటికీ కలిపి మరో రెండు రోజులైనా పడుతుంది.

అందుకే ఆంక్షలు పెట్టిన మూడో రోజున "పనిచేయలేదు" అనడం అన్యాయం. ఆ రోజు బయటపడుతున్నవాళ్లకు జబ్బు ఆంక్షలకు ముందే అంటింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదట్లో మన శాంపిల్స్ జిల్లా దాటి వెళ్లాల్సి వచ్చేది. తర్వాత ట్రూనాట్ మిషన్లు (చిన్న టెస్టింగ్ యంత్రాలు), ల్యాబ్‌లు జిల్లాల్లోకే వచ్చాయి. పేరుకుపోయిన శాంపిల్స్ రిజల్ట్స్ ఒక్కసారిగా బయటికొచ్చిన వారం కేసులు ఎగిరినట్టు కనిపిస్తాయి. ఎగిరింది ల్యాబ్ వేగం, జబ్బు కాదు. శాంపిల్ తీసిన తేదీ ప్రకారం లెక్క దొరికితే దాన్నే వాడాలి. కానీ అందులో చివరి మూడు నాలుగు రోజులను నమ్మకూడదు, ఎందుకంటే ఆ రిజల్ట్స్ ఇంకా వస్తూ ఉంటాయి.

కేసులు పెరిగితే జబ్బు పెరిగినట్టా, టెస్టులు పెరిగినట్టా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఒక జిల్లాలో వరసగా నాలుగు వారాలు ఇలా ఉన్నాయనుకుందాం. మొదటి వారం 4,000 టెస్టులు, 200 పాజిటివ్. రెండో వారం 8,000 టెస్టులు, 400 పాజిటివ్. మూడో వారం 8,000 టెస్టులు, 800 పాజిటివ్. నాలుగో వారం 5,000 టెస్టులు, 750 పాజిటివ్.

కేసులు మాత్రమే చూస్తే రెండో వారం రెట్టింపు, మూడో వారం మళ్లీ రెట్టింపు, నాలుగో వారం కొంచెం తగ్గుదల. ఇప్పుడు పాజిటివిటీ రేటు, అంటే వంద టెస్టుల్లో ఎన్ని పాజిటివ్ వచ్చాయో చూడండి: 5, 5, 10, 15 శాతం. రెండో వారంలో నిజంగా పెరిగిందేమీ లేకపోవచ్చు, టెస్టులు రెట్టింపయ్యాయి అంతే. నాలుగో వారంలో "తగ్గింది" అని సంతోషించాల్సిన పని అసలే లేదు. టెస్టులు తగ్గించినా అన్ని పాజిటివ్‌లు వచ్చాయంటే జబ్బు ముదురుతోంది.

అలాగని పాజిటివిటీ రేటును కూడా గుడ్డిగా నమ్మలేం. ఎవరికి టెస్టు చేశారన్నది తెలియాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి చేసిన ఫీవర్ సర్వేల్లో జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను వెతికి పట్టుకున్నారు. అలాంటి వారం పాజిటివిటీ పెరగవచ్చు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన బస్సుల్లో ఉన్నవాళ్లందరికీ టెస్టులు చేస్తే తగ్గవచ్చు. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులకు అనుమతిచ్చింది. అవి అరగంటలో రిజల్ట్ ఇస్తాయి కానీ, ఆర్‌టీపీసీఆర్ (ల్యాబ్‌లో వైరస్ జన్యువును వెతికే టెస్టు) పట్టుకునే కొన్ని కేసులను వదిలేస్తాయి. టెస్టుల్లో ర్యాపిడ్ వాటా పెరిగిన వారం పాజిటివిటీ తగ్గితే అది శుభవార్త కాకపోవచ్చు.

నా పద్ధతి ఇది: కేసులూ పాజిటివిటీ రెండూ పెరుగుతుంటే జబ్బు పెరుగుతోందని నమ్ముతాను. రెండూ తగ్గుతుంటే తగ్గుతోందని నమ్ముతాను. ఒకటి అటు, ఒకటి ఇటు పోతుంటే ఇంకో వారం ఆగుతాను, ఆ వారమంతా జాగ్రత్తగా ఉంటాను. పాజిటివిటీ 5 శాతం లోపు రెండు వారాలైనా నిలిస్తే వ్యాప్తి అదుపులో ఉన్నట్టు చూడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. తగినన్ని టెస్టులు చేస్తున్నప్పుడే ఆ మాట వర్తిస్తుంది.

మా మండలంలో పోయిన వారం 9 కేసులు, ఈ వారం 14. అంటే 56 శాతం పెరిగినట్టా?

అలా చెప్పకూడదు. చిన్న అంకెలు ఏ కారణం లేకుండానే ఊగుతాయి. ఎంత ఊగుతాయో తెలియడానికి ఆ అంకె వర్గమూలం చూడండి. 9కి వర్గమూలం 3. దానికి రెట్టింపు, అంటే 6, అటూ ఇటూ ఊగడం మామూలే. అసలు పరిస్థితి మారకపోయినా వారానికి 3 నుంచి 15 దాకా ఏ అంకైనా రావచ్చు. ఒక ఇంట్లో ఐదుగురికి ఒకేసారి వచ్చిందంటే మండలం లెక్కే మారిపోతుంది. 400కి వర్గమూలం 20, కాబట్టి 400 నుంచి 600కి వెళ్తే అది నిజమైన పెరుగుదలే. మండలం స్థాయిలో రెండు వారాలు కలిపి చూడండి, లేదా పక్క మండలాలతో కలిపి డివిజన్ స్థాయిలో చూడండి. 14 కేసులున్న మండలంలో చేయాల్సింది శాతాలు కట్టడం కాదు, ఆ 14 మంది ఎవరెవరిని కలిశారో కనుక్కోవడం.

మన రెండు జిల్లాలకు కోవిడ్ ఆలస్యంగా వచ్చింది కదా, ఆ లెక్కలు ఏం చెబుతాయి?

రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో నెల్లూరులో బయటపడింది. శ్రీకాకుళంలో ఏప్రిల్ చివరి వారం దాకా, విజయనగరంలో మే మొదటి వారం దాకా ఒక్క కేసూ నమోదు కాలేదు. సున్నా నుంచి పెరుగుదల రేటు కట్టలేం. సున్నాతో భాగహారం కుదరదు. ఆ దశలో చూడాల్సింది ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారన్నది.

మన వైపు ఈ మాటకు బరువెక్కువ. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన వేల మంది మత్స్యకారులు ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో బస్సుల్లో ఇంటికి చేరారు. చెన్నై, హైదరాబాద్‌లకు కూలికి వెళ్లినవాళ్లు వేసవంతా వస్తూనే ఉన్నారు. వాళ్లను క్వారంటైన్ కేంద్రాల్లో ఉంచి టెస్టులు చేసేవారు. అక్కడ ఒకే రోజు బయటపడిన కేసులు ఊళ్లో అంటుకున్నవి కావు. వాటిని స్థానిక కేసులతో కలిపి నిష్పత్తి కడితే ఊళ్లో మంటలు లేచినట్టు కనిపిస్తుంది, నిజానికి ఊరు చల్లగానే ఉంటుంది. రాష్ట్ర బులెటిన్‌లో కొన్నాళ్లు ఇతర రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి వచ్చినవాళ్లను వేరే వరసల్లో చూపారు. అలా విడగొట్టి చూపడం మంచి పని. అయితే పాత లెక్కలు చూసేటప్పుడు జిల్లా వరసలో వీళ్లు ఉన్నారో లేదో చూసుకోవాలి.

ఆ మత్స్యకారులను, కూలీలను చూసి కొన్ని ఊళ్లలో జనం మొహం తిప్పుకున్నారు. లెక్కల గురించి రాస్తూ కూడా ఈ మాట చెప్పకుండా ఉండలేను. అంటిన చోటు కనుక్కోవడం జబ్బును ఆపడానికి, మనిషిని దోషిని చేయడానికి కాదు.

సరిహద్దు మండలాల వాళ్లు ఏం చూడాలి?

రెండు రాష్ట్రాల బులెటిన్లూ చూడాలి. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, పాతపట్నం పక్కనే పర్లాకిమిడి, పార్వతీపురం అవతల రాయగడ. సూరత్ నుంచి వలస కార్మికులు తిరిగొచ్చాక 2020 వేసవిలో, వానాకాలంలో గంజాం ఒడిశాలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లా అయింది. వైరస్‌కు చెక్‌పోస్టు లేదు, సంతకు వెళ్లేవాళ్లు రోజూ అటూ ఇటూ తిరుగుతారు. అక్కడ నిష్పత్తి 1.5 దాటితే ఇక్కడ సున్నా ఉన్నా సిద్ధం కావాల్సిందే.

శ్రీకాకుళాన్ని, విజయనగరాన్ని పోల్చవచ్చా?

కేసుల సంఖ్యను నేరుగా పోల్చకూడదు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా సుమారు 27 లక్షలు, విజయనగరం 23.4 లక్షలు. కాబట్టి లక్ష మందికి ఎన్ని కేసులో కట్టి పోల్చాలి. పెరుగుదల నిష్పత్తికి ఆ పని అక్కర్లేదు, ఎందుకంటే జిల్లాను అదే జిల్లాతో పోలుస్తున్నాం.

పాత డేటా వాడేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం ప్రాంతం, శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. 2021 నాటి కేసులను ఇప్పటి జనాభాతో భాగిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. పేరు అదే, జిల్లా వేరు.

చిరునామా సమస్య కూడా ఉంటుంది. మన వాళ్లు వైద్యానికి విశాఖ వెళ్లడం మామూలే. అక్కడ పాజిటివ్ వస్తే అది ఏ జిల్లా ఖాతాలో పడిందన్నది ఇచ్చిన చిరునామాను బట్టి ఉంటుంది.

పండగలప్పుడు లెక్కలు ఎందుకు తికమక పెడతాయి?

పండగ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. జనాన్ని ఒకచోటికి చేరుస్తుంది, టెస్టులను తగ్గిస్తుంది. 2022 సంక్రాంతి ఒమిక్రాన్ మధ్యలో వచ్చింది. జనవరి మొదట్లో రాష్ట్రంలో రోజుకు కొన్ని వందల కేసులు ఉండేవి, నాలుగో వారానికి 14 వేలు దాటాయి. ఆ మధ్యలో హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి రైళ్లు, బస్సులు నిండి వచ్చాయి. భోగి నుంచి కనుమ దాకా ఎవరూ శాంపిల్ ఇవ్వడానికి వెళ్లరు. ఆ మూడు నాలుగు రోజుల అంకె తగ్గి, తర్వాత వారం ఎగురుతుంది. పండగ వారాన్ని దాని ముందు వారంతో పోల్చి నిర్ణయానికి రావద్దు. ముందు వారాన్ని, పండగ తర్వాతి వారాన్ని తీసుకోండి. మధ్యలో రెండు వారాల దూరం ఉంది కాబట్టి వచ్చిన నిష్పత్తికి వర్గమూలం కడితే వారపు నిష్పత్తి వస్తుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం జరుగుతుంది. జనం నిండా వచ్చిన ఏడాది ఆ మంగళవారం అంటిన జబ్బు లెక్కల్లోకి వచ్చేది మరుసటి వారం చివర్లోనే. 2020లో ఆ ఉత్సవాన్ని ఆంక్షల మధ్య జరపడం భక్తులకు కష్టంగానే ఉండి ఉంటుంది. ఈ ఆలస్యం తెలిసినవాళ్లకు మాత్రం ఆ నిర్ణయం ఎందుకో అర్థమవుతుంది. లెక్కల్లో కనిపించేదాకా ఆగితే అప్పటికే చేయిదాటి ఉంటుంది.

పీక్ వచ్చేసిందని ఎలా తెలుస్తుంది?

కేసుల సంఖ్య కంటే ముందు నిష్పత్తి చెబుతుంది. ఆరు వారాల కేసులు 100, 200, 320, 420, 460, 440 అనుకుందాం. నిష్పత్తులు 2, 1.6, 1.31, 1.10, 0.96. నాలుగో వారంలో కేసులు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, పేపర్లో "రికార్డు" అనే వస్తుంది. కానీ నిష్పత్తి రెండు వారాలుగా దిగుతోంది. ఇలా వరసగా దిగుతుంటే పీక్ దగ్గర పడిందని చెప్పవచ్చు. రెండో వేవ్‌లో రాష్ట్రంలో రోజువారీ కేసులు 2021 మే మధ్యలో 24 వేలు దాటాయి. ఆ ఎత్తున ఉన్నప్పుడు అంకెను చూసి భయపడ్డాం, అంతకు ముందు నెలలో నిష్పత్తిని చూసి భయపడాల్సింది.

ఒక్క హెచ్చరిక. టెస్టులు చేసే సామర్థ్యం నిండిపోయినా నిష్పత్తి ఇలాగే దిగుతుంది. పాజిటివిటీ కూడా దిగుతోందో లేదో చూడకుండా పీక్ అనకండి.

ఆర్ విలువ అని టీవీలో చెప్పేది ఇదేనా?

దగ్గర చుట్టం. పాజిటివ్ అయిన ఒకరు సగటున ఎంతమందికి అంటిస్తున్నారన్నది ఆర్. దాన్ని కట్టడానికి ఒకరి నుంచి ఇంకొకరికి అంటడానికి పట్టే రోజులు కూడా కావాలి. అది ఐదు రోజులైతే, వారపు నిష్పత్తి 1.5కి ఆర్ సుమారు 1.3, నిష్పత్తి 2కి సుమారు 1.6. రెండింటికీ గీత 1 దగ్గరే. జిల్లా స్థాయిలో మనకు వారపు నిష్పత్తి చాలు, అందులో ఊహలు తక్కువ.

చాలా కేసులు బయటపడనే లేదు కదా, మరి ఈ లెక్కలకు విలువేముంది?

బయటపడలేదన్నది నిజమే, అదీ చిన్న తేడా కాదు. ఐసీఎంఆర్ జాతీయ సీరో సర్వేలకు (రక్తంలో యాంటీబాడీలు, అంటే జబ్బు గానీ టీకా గానీ వదిలే గుర్తులు, ఉన్నాయేమో చూసే సర్వేలకు) ఎంచుకున్న 70 జిల్లాల్లో విజయనగరం ఒకటి. దేశం మొత్తం మీద 2020 మే, జూన్‌లలో పెద్దవాళ్లలో వందకు ఒక్కరికి కూడా యాంటీబాడీలు లేవు. 2021 జూన్, జూలై నాటికి, టీకాలు కూడా తోడై, మూడింట రెండొంతుల మందికి ఉన్నాయి. 2020 ఆగస్టు, సెప్టెంబరులలో రాష్ట్ర ప్రభుత్వం చేసిన సర్వేలో రాష్ట్ర సగటు సుమారు 20 శాతం ఉంటే విజయనగరం జిల్లాలో 30 శాతం దాటింది. నమోదైన కేసులు ఆ జిల్లా జనాభాలో రెండు శాతం కూడా లేని రోజులవి.

అయినా పెరుగుదల నిష్పత్తి పనిచేస్తుంది. పాతిక మందిలో ఒకరే బయటపడుతున్నారనుకుందాం. ఈ వారమూ పాతికలో ఒకరే, గత వారమూ పాతికలో ఒకరే అయితే భాగహారంలో ఆ పాతిక కొట్టుకుపోతుంది. ఎంతమందికి వచ్చిందన్నది తెలియదు, ఎంత వేగంగా పెరుగుతోందన్నది తెలుస్తుంది. ఆ వాటా మారినప్పుడే ఇబ్బంది. 2022 జనవరిలో లక్షణాలు లేనివాళ్లకు, పెద్దగా ముప్పు లేని కాంటాక్టులకు టెస్టులు అక్కర్లేదని ఐసీఎంఆర్ చెప్పింది. ఇంట్లోనే కిట్‌తో చూసుకుని ఎవరికీ చెప్పనివాళ్లూ పెరిగారు. ఆ నెల నిష్పత్తులను దానికి ముందు నెలతో పోల్చేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

మరణాల లెక్క ఇంకా నమ్మకమైనది కాదా?

కొంతవరకు. కానీ కేసుల కంటే రెండు మూడు వారాలు వెనక వస్తుంది. ముందస్తు హెచ్చరికకు పనికిరాదు. ఉద్దానం లాంటి చోట, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ రోగులు ఎక్కువ. డయాలసిస్ చేయించుకునేవాళ్లు వారంలో రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్లక తప్పదు, వాళ్లకు కోవిడ్ ప్రాణాంతకం. అక్కడ మరణాలు పెరిగేదాకా ఆగడం దారుణం. నిష్పత్తి 1 దాటిన వారమే డయాలసిస్ కేంద్రాల్లో జాగ్రత్తలు మొదలవ్వాలి.

గ్రాఫ్ ఎలా గీయాలి?

లాగ్ స్కేల్ మీద గీయండి. నిలువు గీత మీద 10, 100, 1,000, 10,000 సమాన దూరంలో ఉంటాయి. ఒకే రేటుతో పెరిగే జబ్బు దాని మీద తిన్నని గీతలా కనిపిస్తుంది, గీత వంగిందంటే రేటు మారిందన్నమాట. చిన్న జిల్లా, పెద్ద జిల్లా పక్కపక్కనే పోల్చడానికీ వీలవుతుంది.

పాత డేటా ఎక్కడ దొరుకుతుంది, సొంతంగా రాసుకోవాలంటే ఏమేం రాయాలి?

జిల్లాల వారీ లెక్కలను దేశమంతా వాలంటీర్లు కూర్చి పెట్టిన కోవిడ్19ఇండియా సైట్ 2021 అక్టోబరు చివర్లో కొత్త అంకెలు ఇవ్వడం ఆపేసింది. అప్పటిదాకా ఉన్న డేటా మిగిలింది. జీతం లేకుండా రోజూ బులెటిన్లు చదివి అంకెలు ఎక్కించిన వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

సొంతంగా రాసేవాళ్లు ఒక్కో రోజుకు తేదీ, జిల్లా, ఎన్ని టెస్టులు, అందులో ర్యాపిడ్ ఎన్ని, పాజిటివ్ ఎన్ని, బయటి నుంచి వచ్చినవాళ్లు ఎన్ని అని రాయాలి. పక్కన ఒక గడి ఖాళీగా ఉంచి "ల్యాబ్ మూత", "ఫీవర్ సర్వే మొదలు", "కనుమ" లాంటివి రాసుకోవాలి. ఏడాది తర్వాత గ్రాఫ్‌లో ఒక గుంట కనిపిస్తే అది ఎందుకొచ్చిందో ఆ గడి చెబుతుంది. ఇదే పద్ధతి వానాకాలంలో డెంగీకి, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీలో మలేరియాకు కూడా పనికొస్తుంది. వాటిలో దోమ మధ్యలో ఉంటుంది కాబట్టి ఒకరి నుంచి ఇంకొకరికి అంటడానికి పట్టే రోజులు కోవిడ్ కంటే ఎక్కువ. కాబట్టి నాలుగు వారాల అంకెలైనా పక్కపక్కన పెట్టుకుని చూడండి.